పంచకం ఇంటి మేడ మీద చప్పుడు

పోయిన ఎండాకాలంలో, దీపాలు పెట్టే వేళ దాటితే మా వీధికి ఆటోలు రావడం మానేశాయి. కర్నూలు పాతూరిలో ఇరుకు వీధి మాది. వీధి మొదట్లోనే దింపేసి, "ఈడ్నించి నడిచి పోండమ్మా" అనేవాళ్లు. ఎందుకప్పా అంటే ఒకడు టైరు అనేవాడు, ఒకడు గేరు అనేవాడు. అసలు సంగతి నా స్టీలు సామాన్ల అంగడికి ఎదురుగా ఉన్న మేడ ఇల్లు.

తాళం వేసిన ఇల్లు అది. వాకిలికి అడ్డంగా ముళ్లకంప. కిటికీ రెక్కలన్నీ బిగించి ఉన్నాయి. లోపల మనిషి లేడు… కానీ రాత్రయితే మేడ మీది గదిలోంచి చప్పుడు వచ్చేది.

టక్… టక్… టక్.

కాసేపు ఏమీ ఉండదు. పోయిందిలే అనుకుని ఊపిరి వదులుతాం. అప్పుడు మళ్లీ — టక్… టక్… టక్.

నాకు దెయ్యాల మీద పెద్ద నమ్మకం లేదు. మనుషుల మీద ఉండేది. ఈ సంగతి జరిగాక రెండూ తారుమారయ్యాయి. ఇందులో కొంత నేను కళ్లారా చూసింది, మిగతాది ఆ ఇంటి యజమాని ధనుంజయ నా అంగట్లో కూర్చుని చెప్పింది. ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్తాను.

ధనుంజయకు పెయింట్ల అంగడి ఉంది. మెత్తని మనిషి. ఒక్కటే పిచ్చి — ఇంట్లో ఏ జ్ఞాపకమూ పోకూడదు. అది పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు, తుంగభద్ర అంటించిపోయింది. వరదొచ్చి పాతూరు మునిగినప్పుడు అందరి ఇళ్లలో బియ్యం పోయాయి, బీరువాలు పోయాయి. ఆయన ఇంట్లో వాటితోపాటు పెళ్లి ఫోటోలూ క్యాసెట్లూ బురద ముద్దలయ్యాయి. మిద్దె మీద ఎండబెట్టి చూసుకుంటే ఒక్క ముఖం మిగల్లేదు. ఆ నీటి గీత ఇంకా ఆ ఇంటి గోడ మీద ఉంది. ఎన్ని పూతలు వేసినా పైకి తేలుతుంది. పెయింట్ల అంగడివాడి ఇంట్లో ఇదేం ఖర్మ అని మేం ఎగతాళి చేసేవాళ్లం.

అప్పటినుంచి పట్టుకున్నాడు. చుట్టాల ఇళ్లన్నీ తిరిగి పాత పెళ్లి క్యాసెట్లు పోగుచేశాడు. అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, వరద అందని ఎత్తులో, మేడ మీది గదిలో ఒక సర్వర్ పెట్టాడు. సర్వర్ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. చెప్పుల డబ్బా అంత ఇనప పెట్టె, లోపల హార్డ్‌డిస్కులు, ముందర ఒక నీలం దీపం. ఇంట్లో టీవీలో ఏం చూడాలన్నా అందులోంచే వచ్చేది. క్యాసెట్ల తర్వాత సినిమాలు చేరాయి, పాటలు చేరాయి, పాప పుట్టాక పాప ముచ్చట్లు చేరాయి. పెట్టె నిండేది. ఇంకా పెద్ద డిస్కులు కొనేవాడు. అవీ నిండేవి.

"మనింట్లో బియ్యం డబ్బా అయినా నిండుతాది గానీ ఈ పెట్టెకు మాత్రం ఆకలి తీరదు" అని భార్య శ్రీవిద్య నవ్వేది.

పెంచుకుంటూ పోవడమే కాదు, కాపాడుకోవడమూ ఉంది కదా. డిస్కులు జోడుగా పెట్టాడు. ఏది ఎక్కించినా రెండింటిలోనూ పడుతుంది, ఒకటి చచ్చినా రెండోది నిలబడుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్. అయినా మనసు కుదుటపడలేదు.

"అన్నా, రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఏం లాభం? ఇంటికేమన్నా అయితే రెండూ ఒకేసారి పోతాయి. ఇంకో ఊర్లో ఒక నకలు ఉండాల" అన్నాడు నాతో.

ఆ ఊరు కడప. ఆ మనిషి శ్రీవిద్య తమ్ముడు కళ్యాణ్. కడపలో పెళ్లి వీడియోల స్టూడియో నడుపుతాడు, డిస్కుల మధ్యే బతుకుతాడు. ధనుంజయ తన పాత పెట్టెను అక్కడ పెట్టించాడు. ఇక్కడ ఎక్కించింది ఇంటర్‌నెట్ మీద అక్కడికీ చేరుతుంది. "కర్నూలు మునిగినా కడప మునగదన్నా" అని మురిసిపోయేవాడు.

నిజమే, కడప మునగలేదు.

ఇంతలో శ్రీవిద్యకు జబ్బు చేసింది. ఏం జబ్బో చెప్పి ఇప్పుడు చేసేదేమీ లేదు. చివరి నెలల్లో ఆ మేడ మీది గదిలోనే మంచం పట్టింది. ఆరేళ్ల కూతురు శ్రీవాసవి ప్రతి రాత్రీ పక్కలో దూరి కథ అడిగేది. కథ మొదలుపెట్టే ముందు శ్రీవిద్య ఉంగరం వేలితో మంచం పట్టెను తట్టేది. టక్… టక్… టక్.

"తలుపు తెరిచినావా? కథ లోపలికొస్తాండాది" అనేది.

పాప కళ్లు గట్టిగా మూసుకుని, "తెరిచినా" అనేది. అప్పుడు మొదలయ్యేది కథ. కోసిగి దగ్గర అమ్మమ్మ ఊరి కథలు, మాట్లాడే ఎద్దుల కథలు, వాన కోసం మేఘాన్ని అప్పు అడిగిన రైతు కథ. ధనుంజయ అన్నీ ఫోన్లో తీసి, పెట్టెలోకి ఎక్కించి, ఫోన్ ఖాళీ చేసుకునేవాడు. పెట్టె ఉంది, పెట్టెలో జోడు ఉంది, కడప ఉంది. ఇంకేం భయం?

"కళ్యాణ్, అక్క కథలు చేరినాయా?" అని ఫోన్ చేసి అడిగేవాడు.

"చేరినాయి బావా. భద్రంగా ఉండాయి."

అడిగిన ప్రతిసారీ అదే మాట. భద్రంగా ఉండాయి.

శ్రీవిద్య పోయింది. పోతూ పోతూ ధనిష్ఠ నక్షత్రంలో పోయింది.

ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఆ ఇంటిని ఆరు నెలలు వదిలేయడం మావాళ్ల ఆచారం. పొయ్యి వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు. తాళం వేసి, వాకిలికి ముళ్లకంప అడ్డం వేయాలి. లోపలి వస్తువు బయటికి తేకూడదు. ధనుంజయ తండ్రి రామకోటయ్య దగ్గరుండి అన్నీ జరిపించాడు. ఆ పెద్దాయన్ను నేను తప్పు పట్టను. కోడలు పోయింది, మనవరాలికి ఏమన్నా అవుతుందేమోనని ఆయన వణికిపోయాడు. కొడుకు పెట్టె తెచ్చుకుంటానంటే చేతులు పట్టుకున్నాడు.

"వద్దు నాయనా. పాప ఉండాది మనకు. ఆరు నెల్లు ఓర్చుకో."

ధనుంజయ ఓర్చుకున్నాడు. ఒక్క పని మాత్రం చాటుగా చేశాడు. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపి, మేడ మీది పెట్టెను మాత్రం నడవనిచ్చాడు. అద్దె ఇంట్లో కూర్చుని పాపకు కథలు చూపించుకోవచ్చని ఆశ. వారం తిరగలేదు, రోడ్డు తవ్వినవాళ్లు ఇంటర్‌నెట్ తీగ తెంపేశారు. మూసిన కిటికీల వెనక పెట్టె ఒంటరిదైపోయింది.

పాపకు నిద్ర లేదు. "అమ్మ కథ పెట్టు నాయనా" అని అర్ధరాత్రి లేచి ఏడ్చేది. ధనుంజయ నా అంగట్లోంచే కడపకు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టాడు.

"కళ్యాణ్, నీ దగ్గరుండే కథలు ఒక డిస్కులో వేసుకోని రాప్పా. పాప పడుకోవడం లేదు."

అవతల వినిపిస్తున్న పెళ్లి సన్నాయి ఆగింది.

"బావా… పంచకం గడిచేదాకా పోయినోళ్ల గొంతు బిడ్డకు వినిపించకూడదంట. మంచిది కాదు. ఆ ఆరు నెల్లు పోనీ."

నేను ముక్కున వేలేసుకున్నాను. ఏనాడూ గుడి గడప తొక్కనివాడు, అక్క కర్మ రోజు కూడా పెళ్లి ఆర్డరుందని విస్తరి ముందు నుంచి లేచిపోయినవాడు — పంచకం గురించి పురోహితుడికంటే గట్టిగా చెప్తున్నాడే! దుఃఖం మనిషిని మారుస్తుందిలే అన్నాడు ధనుంజయ. ఆయన ఎవరిలోనైనా మంచే చూస్తాడు, అదే ఆయనకొచ్చిన చిక్కు.

ఎండలు ముదిరాయి. కర్నూలు ఎండ సంగతి తెలిసిందే, రాత్రిపూట కూడా గోడకు వీపు ఆనించలేం. అప్పుడు మొదలైంది.

మొదట విన్నది పూలమ్మే ఉరుకుందమ్మ. నేను షట్టరు దించుతుంటే గంప చంకన పెట్టుకుని ఉరుకుతూ వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా… విద్యమ్మ యాడికీ పోలేదన్నా. ఇంట్లోనే ఉండాది."

"ఏం మాటలమ్మా అవి?"

"తడ్తాండాది… పైన… వినపడ్లేదా నీకు?"

విన్నాను. విన్న తర్వాత షట్టరు సగంలోనే వదిలేసి నిలబడ్డాను.

మర్నాటికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఆటో బసవరాజు అయితే కిటికీ సందులో నీలం వెలుగు కన్ను ఆర్పినట్టు ఆరి వెలగడం చూశానని ఎల్లమ్మ మీద ఒట్టేసి చెప్పాడు. ఆ రాత్రే నేను ధనుంజయను పిలిపించాను. ఇద్దరం ఆ ఇంటి కింద, చీకట్లో నిలబడ్డాం. వీధిలో కుక్క కూడా లేదు.

టక్… టక్… టక్.

ధనుంజయ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు నాకింకా గుర్తుంది.

"అన్నా… విద్యనే. కథ మొదలుపెడ్తాండాది."

ఫోన్ పైకెత్తి ఆ చప్పుడు రికార్డు చేశాడు. కళ్యాణ్‌కు పంపాడు. ఎందుకంటే ఆమె తమ్ముడు, ఈ లోకంలో ఆమె కోసం తనతో సమానంగా ఏడవగల మనిషి అతనే అనుకున్నాడు. నిమిషం కాకముందే ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టాడు.

"బావా… ఇది ఎప్పట్నించి వస్తాండాది?" కళ్యాణ్ గొంతు తేడాగా ఉంది.

"నిన్నట్నించి అంటాండారు. పైకి పోయి చూద్దామనుకుంటాండా."

అవతల ఎక్కడో తలుపు వేసిన చప్పుడు వినపడింది.

"పోవద్దు" అన్నాడు కళ్యాణ్, గుసగుసగా. "అది అక్కే బావా. అక్క పిలుస్తాండాది. పంచకం తీరకముందు నువ్వు ఆ గడప దాటితే… పాపను తీసుకపోతాది. పోవద్దు. పాప మీద ఒట్టు."

పాప మీద ఒట్టు అన్నాక ఏ తండ్రి అడుగు ముందుకేస్తాడు? ధనుంజయ వెయ్యలేదు.

రోజూ వచ్చి ఆ గోడ కింద నిలబడేవాడు. జనం పారిపోయే చోటికి ఆయన పనిగట్టుకుని వచ్చేవాడు. కొన్నాళ్లకు చప్పుడు రెండైంది. ఒకటి తట్టి ఆగితే ఇంకొకటి అందుకునేది, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తట్టినట్టు. తోడు తెచ్చుకుందని ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. తర్వాత సన్నబడింది. ఒక రాత్రి వీధిలోకి ఏమీ వినపడలేదు.

ఆ నిశ్శబ్దాన్ని మాత్రం ధనుంజయ ఓర్చుకోలేకపోయాడు.

"అన్నా, నేను పోతా. ఒట్టు నా నెత్తిన పడనీ… పాప జోలికి రాకుండా చూడమని ఆమెనే అడుక్కుంటా."

కంప పక్కకు లాగి, తాళం తీశాడు. నేను మెట్ల కింద ఆగిపోయాను. లోపలి వేడి పొయ్యి నోరు తెరిచినట్టు మొహానికి కొట్టింది. టార్చి వెలుగు మెట్లెక్కి పోయింది… తలుపు కిర్రుమంది… ఆ తర్వాత ఏమీ లేదు.

మంచం ఖాళీగా ఉందట. దిండు మీద దుమ్ము. మూల బల్ల మీద పెట్టె — నీలం దీపం లేదు, ఎర్రది వెలుగుతోంది. ధనుంజయ దాని మీద చెయ్యి వేశాడు. చురుక్కుమంది. తీసేలోపల, సరిగ్గా ఆయన అరచేతి కింద —

టక్… టక్… టక్.

కిందికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

"విద్య కాదన్నా. డిస్కు. డిస్కు సస్తా తట్టుకుంటాండాది."

హైదరాబాదులో చెడిపోయిన డిస్కుల్లోంచి సరుకు వెనక్కి తీసేవాళ్ల దగ్గరికి మోసుకుపోయాడు. వారాల తరబడి చూసి, ఏమీ మిగల్లేదన్నారు. వేడికి ముందు ఒకటి చచ్చింది. ఆ తర్వాత రెండోది ఒంటరిగా ఇద్దరి బరువూ మోసి, కొన్నాళ్లకు అదీ చచ్చింది. "మొదటిది తట్టడం మొదలుపెట్టిన రోజే ఆపేసి ఉంటే రెండోది దక్కేది కదండీ. ఎవరూ వినలేదా?" అని అడిగారట. వీధంతా విన్నాం. విని పారిపోయాం.

అయినా ధనుంజయ కుంగిపోలేదు. కడప ఉంది కదా. ఇలాంటి రోజు కోసమే కదా కడప!

అప్పటికి పంచకం కూడా తీరింది. నన్ను తోడు రమ్మన్నాడు. బయల్దేరుతుంటే పాప గేటు పట్టుకుని, "అమ్మ కథ కడపలో ఉందా నాయనా?" అంది. "రేపటికి తెస్తానమ్మా" అన్నాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు — బస్సులో దారి పొడుగునా ఏ కథ ముందు చూపించాలో, ఏది తర్వాత చూపించాలో చెప్తూనే ఉన్నాడు. నేను ఊ కొడుతూ కూర్చున్నాను.

స్టూడియో చేరేసరికి చీకటి పడింది. లోపల తెర మీద ఎవరిదో తలంబ్రాల వేడుక ఆగి ఉంది. గోడ వెంట చెక్క అరల్లో వరసగా డిస్కులు, దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. కళ్యాణ్ మమ్మల్ని చూసి లేచాడు. టీ తెప్పించాడు. ఎండల గురించి మాట్లాడాడు. పెళ్లిళ్ల గురించి మాట్లాడాడు.

"అక్క కథలు ఇయ్యి కళ్యాణ్" అన్నాడు ధనుంజయ.

కళ్యాణ్ గ్లాసు కింద పెట్టాడు.

"లేవు బావా."

"యాడ లేవు?"

"పెళ్లిళ్ల సీజన్లో జాగా చాల్లేదు. మీ ఇంట్లో జోడు ఉండాది గదా అని… అన్నీ తీసేసి, నీ పెట్టెను నా పెళ్లిళ్లకు వాడుకున్యా. మళ్లీ నీ పెట్టెలోంచి తెచ్చుకుందాంలే అనుకున్యా. ఇంతలో అక్క పోయె… ఇంటికి తాళం పడె…"

"ఎప్పుడు తీసేసినావు?"

నేల వైపు చూస్తూ జవాబిచ్చాడు. "అక్క ఉన్నప్పుడే."

అంటే భద్రంగా ఉండాయి బావా అన్న ప్రతిసారీ అక్కడ ఏమీ లేదు. ఆమె మంచం మీద ఆయాసపడుతూ కథ చెప్తుంటే, ఈ తమ్ముడు ఇక్కడ ఎవరి పెళ్లి విందో పెట్టుకోవడానికి ఆ చోటు ఖాళీ చేశాడు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి? నాకు ఒళ్లు మండిపోయింది. ఆ టీ గ్లాసు వాడి మొహాన కొట్టాలనిపించింది.

ధనుంజయ కొట్టలేదు, తిట్టలేదు. చాలాసేపు తెర మీది తలంబ్రాలను చూస్తూ కూర్చున్నాడు.

"పోనీలేప్పా" అన్నాడు చివరికి. "జాగా చాలకపోతే మనిషేం చేస్తాడు. పొరపాటు. నీకు మాత్రం అక్క కాదా?"

చూడండి, క్షమించేశాడు! లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. కళ్యాణ్ కళ్లు తుడుచుకున్నాడు. అక్కడితో అంతా అయిపోయేదే…

అరల్లో ఎక్కడో —

టక్… టక్… టక్.

మేమిద్దరం బిగుసుకుపోయాం. కళ్యాణ్ మాత్రం బాణంలా లేచాడు. స్టూలు కాలికి తగిలి పడింది, టీ ఒలికింది. మూడో అర కింద చెయ్యి పెట్టి, తడుముకోకుండా, సరైన తీగ పట్టుకుని ఒక్క గుంజుడుతో ప్లగ్గు పీకేశాడు.

"డిస్కు పోతాండాది… తొందరగా ఆపాల, తొందరగా…" అని తనలో తానే గొణుక్కున్నాడు.

చప్పుడు ఆగింది.

ప్లగ్గు చేతిలో పట్టుకుని ఇటు తిరిగాడు. అప్పుడు చూశాడు, బావ తనవైపే చూస్తున్నాడని. వాడి మొహంలో రంగు దిగిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను.

"అది అక్క కాదాప్పా?" అన్నాడు ధనుంజయ, చాలా మెల్లగా.

కళ్యాణ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేను ఆ పొద్దు పంపింది ఈ చప్పుడే. నువ్వు విన్యావు. విని… నా బిడ్డ మీద ఒట్టు పెట్టి, లోపలికి పోవద్దంటివి."

"డిస్కని చెప్తే…" కళ్యాణ్ పెదాలు మాత్రం కదిలాయి. "నకలు అడుగుతావని… భయమేసె బావా."

"ఆ పొద్దు రెండోది బతికే ఉండె."

క్షమించిన మనిషి మొహం నా కళ్ల ముందే మూసుకుపోయింది. ఆ ఇంటికి ముళ్లకంప పెట్టినప్పుడు కూడా నేను అంత మూసుకుపోయిన వాకిలి చూడలేదు. నా భుజం పట్టుకుని బయటికి నడిచాడు.

గడప దాటుతుంటే వెనక నుంచి వినపడింది.

టక్… టక్… టక్.

ఇద్దరం తిరిగి చూశాం. ఆ మూడో అర అంతా చీకటి, అందులో ఒక్క దీపం వెలగడం లేదు. ప్లగ్గు ఇంకా కళ్యాణ్ చేతిలోనే ఉంది. వాడు ఆ ప్లగ్గును చూశాడు… అరను చూశాడు… మళ్లీ ప్లగ్గును చూశాడు.

టక్… టక్… టక్.

"బావా…" అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతు అది. "బావా, పోవద్దు… ఈడ్నే ఉండు…"

ధనుంజయ బయట నుంచే తలుపు దగ్గరకు లాగుతూ అన్నాడు:

"తెరిచినా అని చెప్పప్పా. అక్క నీకేదో కథ చెప్పాలనుకుంటాండాది."